చెప్పని కథ, వీడని ప్రేతము: ఒక నవలాభేదమును గూర్చి

ఆంగ్లమున ఈ శతాబ్దమునందు బాగుగా వ్యాపించిన నవలాభేద మొకటి కలదు. గతకాలమున ఇద్దరు పురుషుల నడుమ పుట్టిన ప్రణయము దానికి వస్తువు. మంత్రవిద్య, ప్రేతములు, శాపములు దానికి పరికరములు. ఎన్ని విఘ్నములు వచ్చినను కథాంతమున ప్రేమికులు ఒకరికొకరు దక్కుట దాని నియమము. మన భారతీయ భాషాశాఖలలో ఇట్టి నవలల ప్రస్తావన వచ్చినచో సాధారణముగా రెండు సమాధానములు వినబడును. ఇది కాలక్షేపమునకు పుట్టిన సరకు గాన పరిశోధనార్హము కాదనునది మొదటిది. ఇది పరాయి సమాజపు వస్తువు గాన మనకు ప్రసక్తము కాదనునది రెండవది. ఈ రెండును పుస్తకము తెరవకమునుపే చెప్పిన తీర్పులని నా యభిప్రాయము. ఒక నవలను దగ్గరగా పరిశీలించి, దానిని చదువుటకు కావలసిన సాధనములు మన సాహిత్యముననే కలవని చూపుట ఈ వ్యాసోద్దేశము.

ఆ నవల కె. జె. ఛార్ల్స్ అను ఆంగ్ల రచయిత్రి 2015లో ప్రకటించిన ‘ది సీక్రెట్ కేస్‌బుక్ ఆఫ్ సైమన్ ఫెక్సిమల్’. కథానాయకుడు సైమన్ ఫెక్సిమల్ విక్టోరియా రాణి కాలము నాటి భూతవైద్యుడు. కథ చెప్పువాడు రాబర్ట్ కాల్డ్‌వెల్ అను పత్రికారచయిత. వారసత్వముగా వచ్చిన పాతయింటిని పీడించు ప్రేతమును వదలించుటకై రాబర్ట్ ఇతనిని పిలిపించుటతో వారి పరిచయము మొదలగును. తరువాత ఇరువది యేండ్లు అతడు సైమన్‌కు సహచరుడై, అతని విజయములను కథలుగా వ్రాసి లోకమున ప్రసిద్ధి కలిగించును. లోకము చదివిన ఆ కథలలో రాబర్ట్ మిత్రుడు, సహాయకుడు, లేఖకుడు మాత్రమే. ప్రణయమును గూర్చి వానిలో ఒక్క మాటయు లేదు. ఆ ప్రణయమును చెప్పు నిజమైన వృత్తాంతమును అతడు వేరుగా వ్రాసి, తన మరణానంతరము సంపాదకునకు అందజేయుమని న్యాయవాది కడ ఉంచును. ఆ రహస్యపు వ్రాతప్రతియే మనము చదువు నవల. దాని ముందున్న లేఖకు రచయిత్రి వేసిన తేదీ 1914 సెప్టెంబరు.

సైమన్ యొక్క మంత్రశక్తి కూడ గమనింపదగినది. అతని శరీరముపై ప్రాచీన లిపి చెక్కబడి యున్నది. మృతుల కథలు ఆ లిపిలో అతని చర్మముపై తమంత తాము కదలుచు వ్రాసికొనును. అతడు ప్రేతమును తరిమికొట్టుటకంటె ముందుగా దాని కథను చదువవలసి యుండును. ఏ ప్రేతము ఏల నిలిచియున్నదో తెలియనిదే దానికి విముక్తి లేదు. వ్రాయబడుట అతనికి బాధ. అయినను అదియే అతని వృత్తి.

ఈ రెండు కల్పనలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో నవల యొక్క హృదయము బోధపడును. ప్రేతమనగా చెప్పబడని కథ. రాబర్ట్ ప్రణయమును చెప్పబడని కథయే. ఒకటి గోడలను పట్టుకొని వ్రేలాడుచున్నది, మరియొకటి న్యాయవాది పెట్టెలో పడియున్నది. రెండింటికిని కావలసినది ఒక పాఠకుడు. ఇందు అలౌకికాంశము కథకు పైపూతగా చేర్చినది కాదు. చట్టము నోరు నొక్కిన ప్రేమకు, అర్ధాంతరముగా ముగిసిన జీవితమునకు గల సామ్యమును చూపుటకు రచయిత్రి ఎన్నుకొన్న మార్గమది. పాఠపరిష్కరణ చేయువారికి ఇందు మరియొక ఆకర్షణ కలదు. ఒకే జీవితమునకు రెండు పాఠములున్నవి. లోకమున ప్రచారమైన పాఠములో లోపమున్నది. గుప్తపాఠములో ఆ లోపము పూరింపబడినది. ఏది మూలము, ఏది మార్పు అను మన నిత్యప్రశ్నను ఈ నవల కథావస్తువుగా చేసికొన్నది.

ఆ మౌనమునకు కారణము కల్పితము కాదు. ఇంగ్లండున పురుషుల మధ్య దేహసంబంధమునకు మరణశిక్ష విధించు చట్టము 1861 వరకు అమలునందుండెను. ఆ నేరమునకు జేమ్స్ ప్రాట్, జాన్ స్మిత్ అను వారిని లండనునందు 1835లో ఉరితీసిరి. ఆ దేశమున ఈ కారణముచే జరిగిన ఉరిశిక్షలలో అవియే చివరివి. 1885 నాటి చట్టసవరణ మరణశిక్ష స్థానమున లేకున్నను మరింత విశాలమైన వల పన్నినది. పురుషుల మధ్య ఏ విధమైన సాన్నిహిత్యమునైనను, అది నాలుగు గోడల నడుమ జరిగినదైనను, శిక్షించుటకు దానితో వీలు కలిగినది. 1895లో ఆస్కార్ వైల్డ్‌కు రెండు సంవత్సరముల కఠినశిక్ష పడినది ఆ సవరణ క్రిందనే. నవలలోని ఇద్దరి తొలిపరిచయము సరిగా ఆ ప్రాంతమున జరిగినట్లు లేఖ తేదీని బట్టి గ్రహింపవచ్చును. ఇంగ్లండు, వేల్సులందు ఈ నేరభావము పాక్షికముగా తొలగినది 1967లో.

రహస్యపు వ్రాతప్రతి యను కల్పనకు చరిత్రలో ఒక సాక్ష్యమున్నది. ఇ. ఎం. ఫార్‌స్టర్ ‘మారిస్’ అను నవలను 1913–14లలో వ్రాసి తనయొద్దనే ఉంచుకొనెను. అందు ఇద్దరు పురుషులు ప్రేమించి, కడకు కలిసియే మిగులుదురు. సన్నిహితులకు తప్ప అది ఎవరికిని తెలియదు. 1970లో ఆయన మరణించిన పిదప, 1971లో అది అచ్చైనది. రాబర్ట్ లేఖకు వేసిన తేదీయు 1914 అగుట యాదృచ్ఛికమో కాదో చెప్పనవసరము లేదు. రెండు ప్రతుల స్థితి మాత్రము ఒకటే. ఫార్‌స్టర్ మనకు పరాయివాడును కాడు. ‘ఎ పాసేజ్ టు ఇండియా’ను 1924లో ఆయన అంకితమిచ్చిన సయ్యద్ రాస్ మసూద్, హైదరాబాదు సంస్థానమున విద్యాశాఖాధిపతిగా పనిచేసి, ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనలో ప్రముఖపాత్ర వహించినవాడు. ఫార్‌స్టర్‌కు మసూద్‌పై గల అనురాగమును ఆయన జీవితచరిత్రకారులు స్పష్టముగ చెప్పియున్నారు. మన ఊరి విద్యాచరిత్రలో పేరున్న మనిషి ఆ మౌనకథలోను ఉన్నాడు.

ఇక ఈ వస్తువు పరాయిదను వాదమును పరిశీలింతము. కథ చెప్పుటచే విముక్తి పొందు భూతము భారతీయ కథకు పునాదిలోనే ఉన్నది. సోమదేవుని ‘కథాసరిత్సాగరము’ పదునొకండవ శతాబ్దము నాటిది. దాని ప్రథమ లంబకమగు ‘కథాపీఠము’ను స్మరింపుడు. శివుడు పార్వతికి చెప్పిన కథను పుష్పదంతుడు చాటుగా విని శాపగ్రస్తుడగును. అతని పక్షమున మాటాడిన మాల్యవంతుడును శపింపబడును. పుష్పదంతుడు వింధ్యాటవిలో కాణభూతి యను పిశాచమునకు ఆ కథ చెప్పినప్పుడు విముక్తుడగును. శాపముచే పిశాచమైన కాణభూతి ఆ కథను గుణాఢ్యునకు చెప్పి విముక్తి పొందును. గుణాఢ్యుడై పుట్టిన మాల్యవంతునకు ఆ కథను లోకమున వ్యాపింపజేయుటయే విముక్తి. సంస్కృత ప్రాకృత దేశభాషలను విడుతునని పంతమాడిన గుణాఢ్యుడు పైశాచిభాషలో, అడవిలో సిరా దొరకక, తన రక్తముతోనే ఏడులక్షల శ్లోకముల గ్రంథమును వ్రాసెను. భాష పైశాచి యనియు, వ్రాత రక్తముతో ననియు సాతవాహనుడు దానిని త్రోసిపుచ్చెను. గుణాఢ్యుడు ఒక్కొక్క పత్రమే మృగములకు చదివి వినిపించుచు అగ్నికి ఆహుతి చేసెను. ఆరులక్షలు పోయిన పిమ్మట రాజు వచ్చి మిగిలిన లక్షను కాపాడెను.

దేహముపై వ్రాయబడు కథ, దేహపురక్తముతో వ్రాయబడిన కథ. చెప్పినగాని వీడని పిశాచము. సభ్యసమాజము వినుటకు నిరాకరించిన గ్రంథము: ఇన్ని సామ్యములున్నవి గాన ఒకటి మరియొకదానికి మూలమని నేననుట లేదు. అట్టి ప్రభావవాదమునకు ఆధారమేమియు లేదు. కాని ఒక భేదమును మాత్రము గుర్తింపవలెను. గుణాఢ్యుని గ్రంథము తిరస్కరింపబడుటకు కారణము భాష. రాబర్ట్ గ్రంథము దాగుటకు కారణము శిక్షాభయము. మొదటిదానిలో దోషము చెప్పు విధమునందు చూపబడినది. రెండవదానిలో చెప్పబడు ప్రాణమునందే చూపబడినది. ఈ భేదమును ఇంత స్పష్టముగా చూడగల సాధనము ‘కథాపీఠము’ చదివిన పాఠకునకు కలదు. చందమామలో బేతాళకథలు చదివి పెరిగిన తెలుగు పాఠకునకు శవములోని బేతాళుడు కథ చెప్పి తీర్పు కోరుట క్రొత్తది కాదు. మన మొగసాలలో ఉన్న దీపమును విడిచి చీకటియని చెప్పుట న్యాయమగునా?

భారతీయ భాషలలోనే, మన కాలమునకు దగ్గరగా, ఇట్టి రచన యొకటి కలదు. రాజస్థానీ కథకుడు విజయదాన్ దేథా (1926–2013) వ్రాసిన ‘దోహరీ జూణ్’ను తులనాత్మక సాహిత్య విద్యార్థులు ఎరుగుదురు. ఇద్దరు షావుకార్లు పుట్టబోవు బిడ్డలకు పెండ్లి చేయుటకు మాటయిచ్చుకొందురు. ఇద్దరికిని ఆడుపిల్లలే పుట్టగా, కట్నమునకు ఆశపడిన తండ్రి తన కూతురును మగపిల్లవానిగా పెంచి వివాహము జరిపించును. నిజము తెలిసిన పిదపను బీజా, తీజాలు కలిసియే బ్రతుకనెంచుదురు. ఊరు వెలివేయగా వారికి ఆశ్రయమిచ్చినది భూతముల నాయకుడు. అతని మాయచే బీజా పురుషుడగును. పురుషుడైన వెంటనే అధికారము చెలాయింప మొదలిడును. మరల స్త్రీయైనప్పుడు గాని ఆ యింట శాంతి నెలకొనదు. ఇందు భూతములు దాగిన కథలు కావు. మనుష్యుల న్యాయము లేనిచోట న్యాయము చూపిన పొరుగువారు. ఆంగ్లనవలలో ప్రేతము పాఠకుని కోరును. రాజస్థానీ కథలో భూతము ఇల్లు కట్టియిచ్చును. ఈ రెండింటిని కలిపి పరిశోధించినచో అలౌకికకథ యొక్క సామాజికప్రయోజనమును గూర్చి గట్టి సిద్ధాంతమొకటి వెలువడుటకు అవకాశము కలదు. ఇట్టి పనికి నేల చదును చేసినవారును ఉన్నారు. రూత్ వనిత, సలీం కిద్వాయిలు సంకలనము చేసి 2000లో ప్రకటించిన ‘సేమ్-సెక్స్ లవ్ ఇన్ ఇండియా’ అనేక భాషల నుండి ఇట్టి రచనలను ఒకచోట చేర్చినది.

ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసి యున్నది. ఇది అంగడిసరకు అనునది మొదటి ఆక్షేపణ. నిజమే, ఇది అమ్మకమునకే వ్రాయబడినది. ప్రతి ప్రకరణమున ఒక క్రొత్త ప్రేతమును తెచ్చి పాఠకుని కుతూహలమును నిలుపు ఏర్పాటు ఇందు కలదు. ఆ ఏర్పాటు విలియం హోప్ హాడ్జ్‌సన్ 1913లో పుస్తకముగా తెచ్చిన కార్నాకీ కథల నుండి, కానన్ డాయిల్ చూపిన వాట్సన్ కథనరీతి నుండి వచ్చినది. నా దృష్టిలో ఇందు లోపము కూడ కలదు: కొన్ని ప్రకరణములు విడివిడి కథలుగానే మిగిలి, మొత్తమునకు బలము చేకూర్చవు. కాని లోపముగల గ్రంథమును చదువరాదన్నచో మన గ్రంథాలయములలో అరలు చాలవరకు ఖాళీయగును. పైగా ఆ డిటెక్టివ్ కథల చట్రమును స్వీకరించుటలోనే విమర్శయున్నది. నాయకుని ప్రక్కన నిలిచి వ్రాయు మిత్రుడు ఏమి వ్రాయలేదు అని ఆ చట్రమును తిరగవేసి అడుగుట సామాన్యమైన పని కాదు.

రెండవది అశ్లీలత. ఈ నవలలో శృంగారవర్ణనలు నిస్సంకోచముగా ఉన్నవి. తెలుగుశాఖలవారు ఈ ఆక్షేపణ చేయునప్పుడు ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ కథను గుర్తుంచుకొనవలెను. పూర్వముద్రణ వదలివేసిన పద్యములను చేర్చి బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో సంపూర్ణప్రతిని ప్రకటింపగా, ప్రభుత్వము మరుసటి యేడు దానిని నిషేధించినది. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ గ్రంథమున ఉన్నది స్త్రీపురుష శృంగారమే. అయినను చెప్పినది స్త్రీ యగుటచే అది కొందరికి దుస్సహమైనది. అనగా అశ్లీలమను మాట అనేకపర్యాయములు ఏమి చెప్పిరి అనుదాని కంటె ఎవరు చెప్పిరి అనుదానిని బట్టియే ప్రయోగింపబడినది. ప్రబంధములలోని నాయికానాయకుల కేళిని పాఠ్యభాగముగా బోధించు మనము, ఇద్దరు పురుషుల కౌగిలిని మాత్రమే చూచి పుస్తకము మూయుట శాస్త్రీయపద్ధతి కానేరదు.

మూడవది చాల గంభీరమైనది. ఆ కాలమున ఇట్టివారికి కారాగారమే ప్రాప్తించినప్పుడు, సుఖాంతము చరిత్రకు ద్రోహము కాదా? ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. చరిత్రలోని పత్రములలో మనకు కనబడువారు పట్టుబడినవారు. న్యాయస్థానపు చిట్టాలకు ఎక్కనివారు, పట్టుబడక కలిసి వృద్ధులైనవారు పత్రములలో లేరు. నేరపత్రములను మాత్రమే సాక్ష్యముగా గ్రహించి ఆ కాలపు ప్రేమలన్నియు విషాదములేయని నిర్ణయించుట, ఆసుపత్రి చిట్టాలను చూచి ఊరిలో ఆరోగ్యవంతులే లేరనుట వంటిది. సుఖాంతము సంభావ్యమే. అయితే ఇచట ఒక గీత గీయవలెను. మౌనమును కల్పనతో పూరించుట నవలాకారుని హక్కు. పరిశోధకునకు ఆ హక్కు లేదు. ఏ ప్రాచీనకావ్యములోనో ఇద్దరు మిత్రుల స్నేహము గాఢముగా వర్ణింపబడినదని దానిని ప్రణయమని ప్రకటించుట, ఆ వర్ణనను కప్పిపుచ్చుట, రెండును సమానమైన అపచారములే. ఈ నవల నుండి పరిశోధకుడు నేర్వవలసినది పూరణము కాదు, లోపమున్నచోట లోపమున్నదని గుర్తుపెట్టు అలవాటు. ఉన్న ఖాళీని ఖాళీగా చూపుట పరిష్కర్త ధర్మము.

చివరకు అనువాదసమస్య. ఇట్టి నవలను తెలుగులోనికి తేదలచినవానికి మొదట అడ్డుపడునవి మాటలు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ప్రకృతి క్రమమునకు విరుద్ధమను భావముతో ఈ సంబంధమును పేర్కొన్నది. వయోజనుల అంగీకృతసంబంధములకు ఆ సెక్షను వర్తింపదని సర్వోన్నత న్యాయస్థానము 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినది. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనుకు స్థానమే లేదు. సెక్షను పోయినను దాని నీడ మన భాషలో నిలిచియున్నది. ‘అసహజము’, ‘ప్రకృతివిరుద్ధము’ అను మాటలు ఆ శిక్షాస్మృతి సంతానము. పత్రికలు వాడు ‘స్వలింగ సంపర్కము’ చేష్టను మాత్రము చెప్పును, మనసును చెప్పదు. సైమన్, రాబర్ట్‌ల ఇరువది యేండ్ల కాపురమును ఆ మాటతో చెప్పుట సాధ్యమా? తెలుగునకు వలపు, కూరిమి, మక్కువ, తగులము, నెయ్యము మున్నగు మాటలు కలవు. వీనిలో ఏదియు లింగభేదమును చూచి పుట్టినది కాదు. అనువాదకుడు శిక్షాస్మృతిని విడిచి నిఘంటువును తెరచిన చాలును.

అలౌకిక పదజాలమందును ఇట్టి వివేకము కావలెను. దయ్యము భయపెట్టును, పిశాచము పీడించును, ప్రేతము మాత్రము తనకు జరుగవలసిన క్రియ జరుగక వేచియుండును. ఈ నవలలోని మృతులకు ప్రేతమను మాటయే తగినది. అట్లే సైమన్‌ను దయ్యముల వేటగాడని అనువదించినచో అతని వృత్తియే మారిపోవును. భూతవైద్యుడను మాట మన పల్లెలలో సజీవముగా ఉన్నది. వైద్యుడు వేటాడడు, వ్యాధి కథను విని నయము చేయును.

కావున నా సూచనలు మూడు. తులనాత్మకసాహిత్య పాఠ్యక్రమమున ‘కథాపీఠము’ను, దేథా కథను, ఇట్టి నవల నొకదానిని కలిపి బోధింపవలెను. ఈ వస్తువును ఎన్నుకొన్న పరిశోధకవిద్యార్థిని వస్తువును చూచి వెనుకకు పంపక, పద్ధతిని చూచి పరీక్షింపవలెను. పారిభాషికపదముల సంఘములు ఈ ప్రణయమునకు సంబంధించిన పదములను మరల పరిశీలింపవలెను. రెండవ సూచన అత్యవసరమైనది. తనవంటివారి కథ ఏ గ్రంథమునను లేదని తలచి, తలుపు తట్టుటకు సందేహించు విద్యార్థి ప్రతి విశ్వవిద్యాలయమునను ఉండును. వాని ప్రశ్నకు విలువలేదని పంపివేసినప్పుడు మనము సాతవాహనుని పని చేయుచున్నాము. సాతవాహనుడు కడకు మేల్కొని అడవికి వచ్చెను గాని, అప్పటికే ఆరులక్షలు బూడిదయైనవి. మన శాఖలు అంత ఆలస్యము చేయకుండుగాక.